రంగు కింద పసుపు

“ఆ పళ్ళెం పట్టుకుపో వదినా. మా అన్నయ్య సంపాదించిన మెతుకు నా గొంతు దిగదు.”

రాజశ్రీ అంత మాటా అనేసి గోడవైపు తిరిగి కూర్చుంది. పెరుగన్నం కలిపి తెచ్చిన సత్యలక్ష్మి ఎటూ కదలలేక గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆడబడుచు చేత ఒక్క ముద్ద తినిపించడం నిన్నా ఆమె వల్ల కాలేదు, మొన్నా కాలేదు.

“రెండు ముద్దలు తిను రాజీ. నీ గుంట నీకేసే సూత్తంది.”

“సూడనీ. దాని బాబుని ఎవరు పొట్టనెట్టుకున్నారో దానికీ తెలియాల.”

వసారాలో మనవరాలికి జడ అల్లుతున్న దేముడమ్మ చేతులు ఆగిపోయాయి. రాజశ్రీ కూతురు ఉషశ్రీ అమ్మకేసే చూస్తోంది.

“ఒలే రాజీ, ఏటా మాటలు? ఒక్క కడుపున పుట్టినోలు మీరిద్దరూ. గోడకవతల జనం ఇంటన్నారే.”

“ఇననీ అమ్మా! గవరపాలెం అంతా ఇనాల. నేనేటి కల్పించి సెప్తన్నానా? నీ కొడుకే పోలీసోల్ల ముందు ఒప్పుకున్నాడు. ఇనుము తుడవొద్దన్నాను, అలాగే రంగు కొట్టీమన్నాను అని సొంత నోటితో సెప్పుకున్నాడు.”

పెరట్లో స్నానం ముగించి తువ్వాలుతో తల తుడుచుకుంటూ నానాజీ సరిగ్గా అప్పుడే లోపలికి వచ్చాడు. వినపడలేదనుకోవడానికి లేదు. ఆ ఇంట్లో ఉన్నవి ముందు రెండు గదులు, వెనక చెల్లెలి కాపురం ఉన్న ఒక గది. ఏ మూల ఏ మాట అన్నా అన్ని మూలలకీ వినపడుతుంది.

“సెప్పన్నయ్యా! పని తొరగా తెమలాలని నా మొగుణ్ణి సంపీసేవు గదా?”

“అవునమ్మా. నాదే తప్పు.”

తప్పు నాదేనంటూ నిలబడ్డ మనిషితో ఎవరైనా ఎంతసేపు పోట్లాడగలరు? రాజశ్రీ పోట్లాడింది. చేతులు పడిపోవాలంది. కళ్ళు పోవాలంది. నువ్వు నాకు అన్నవే కాదు పొమ్మంది. దేముడమ్మ చెవులు మూసుకుంది. పాప బిక్కమొహం పెట్టింది. నానాజీ తువ్వాలు భుజాన వేసుకుని అన్నీ విన్నాడు, ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.

సత్యలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. తిట్లకి కాదు. తిట్టేకొద్దీ తన మొగుడి మొహంలో ఏదో కుదురు కనిపించడం ఆమె భరించలేకపోయింది.

నానాజీ పెయింటింగ్ కాంట్రాక్టరు. ఇళ్ళకి సున్నాలు వేయించే రకం కాదు. అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో ట్యాంకులకీ, నిచ్చెనలకీ, పైపులు మోసే స్తంభాలకీ తుప్పు పట్టకుండా పూతలు వేయిస్తాడు. అక్కడిది సముద్రపు గాలి, దానికి తోడు మందుల కంపెనీల పొగ. ఆ గాలికి వట్టి ఇనుము ఒక్క పూటలో ఎర్రబడుతుంది. అందుకని ముందు గాలి ఒత్తిడితో ఇసుకలాంటి రవ్వ కొట్టి ఇనుముని తెల్లగా గీకుతారు. ఆ పైన థిన్నరు గుడ్డతో తుడుస్తారు. వేలిముద్ర జిడ్డు కూడా లేదనుకున్నాకే ప్రైమరు కొడతారు, దాని మీద తక్కిన పూతలు. పూత కింద ఏ మరకా మిగలకూడదు, ఆ పనికి ప్రాణం అదే.

రాజశ్రీ మొగుడు ధనరాజ్‌కి ఈ పని నేర్పింది నానాజీయే. నేర్చుకున్నాక కుడిభుజమయ్యాడు. కిందటి వారం ఒక ఫ్యాక్టరీలో ట్యాంకు పక్కనున్న ప్లాట్‌ఫారం ఎక్కాడు, మళ్ళీ పూత వేసే అదను వచ్చిందేమో చూడ్డానికి. ప్లాట్‌ఫారాన్ని మోసే బ్రాకెట్ విరిగింది. బెల్టు పెట్టుకునే ఉన్నాడు. ఆ బెల్టు కొక్కెం తగిలించింది ప్లాట్‌ఫారం కమ్మీకే. మనిషీ, కమ్మీ కలిసే కింద పడ్డారు.

పైకి బూడిదరంగు నున్నగా మెరుస్తూనే ఉందట. లోపల ఇనుము అప్పడంలా పెళుసెక్కిపోయిందట. ఇంతవరకూ ఊరందరికీ తెలుసు.

మిగతాది ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో తాను ఒకర్తె కావడం సత్యలక్ష్మి ఖర్మ.

ధనరాజ్‌ని సాగనంపి వచ్చిన సాయంత్రం నానాజీ ఆమెని పెరట్లోకి పిలిచాడు. గుప్పిట విప్పి, విరిగిన చోట ఊడిపడిన పూత పెచ్చు చూపించాడు. ఒక పక్క బూడిదరంగు. తిప్పితే పసుపు. మూడు వేళ్ళు పక్కపక్కన లాగిన చారలు, నడుమ కుంకం డాగు.

ఆమెకి చప్పున గుర్తొచ్చింది. కొత్త పని మొదలుపెట్టిన రోజున ఇంటి ఆడవాళ్ళు వెళ్ళి రవ్వ కొట్టే కంప్రెసర్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి రావడం నానాజీ పెట్టుకున్న ఆనవాయితీ. ఆ ట్యాంకు పని మొదలైన రోజున వదినతో పాటు కొత్త పెళ్ళికూతురు రాజశ్రీ కూడా వెళ్ళింది. బల్లల మీద పెట్టిన బ్రాకెట్లు, అప్పుడే గీకినవి, అమ్మవారి వెండి తొడుగులా మెరుస్తున్నాయి. రాజశ్రీకి చెయ్యి ఆగలేదు. నూనెలో తడిపిన పసుపు మూడు వేళ్ళతో తీసి ఒక బ్రాకెట్‌కి రాసేసి, నడుమ కుంకం బొట్టు పెట్టింది. మా ఆయన చేతి పని చల్లగా ఉండాలి తల్లీ అని దండం కూడా పెట్టుకుంది. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో సత్యలక్ష్మి కూడా ఉంది.

ఆడవాళ్ళు వెళ్ళాక ఏం జరిగిందో నానాజీ పెరట్లో చెప్పాడు. ధనరాజ్ థిన్నరు గుడ్డ పట్టుకుని ఆ బ్రాకెట్ ముందు చాలాసేపు నిలబడ్డాడట.

“బావా, ఇది నేనెలా తుడుత్తాను? పెళ్ళయి నెల తిరగలేదు. నా పెళ్ళాం పెట్టిన బొట్టు నా సేత్తో తుడిసీమంటావేటి?” అన్నాడట.

మన ఇళ్ళలో బొట్టు తుడవడానికి ఉన్న అర్థం ఒక్కటే. కొత్తగా పెళ్ళయిన ఏ మగాడు ఆ గుడ్డ చేతపట్టినా వాడి మనసు వెనక్కే లాగుతుంది. నానాజీ కూడా ఆ ఇళ్ళలో పుట్టినవాడే కదా.

“తుడవకురా, దాని మీదే కొట్టీ. సిన్న మరక, ఏటవుద్ది?” అని నవ్వేశాడు.

నూనె మీద పూత పట్టుకోలేదు. పట్టినట్టు కనిపించింది, అంతే. ఆ సందులో చేరిన ఉప్పుగాలి ఇన్నేళ్ళూ ఇనుముని తింటూనే ఉంది.

“ఇది రాజీకి తెలియకూడదు. నూకాలమ్మ తల్లి మీద ఒట్టెయ్యి,” అన్నాడు నానాజీ. ఆమె ఏడుస్తూనే ఒట్టు వేసింది. ఆ పెచ్చుని అతను పొయ్యిలో పడేశాడు.

పళ్ళెం వంటింట్లో పెట్టి సత్యలక్ష్మి పెరట్లోకి వచ్చింది. దినానికి కావలసిన సామాన్లు తేవడానికి నానాజీ చొక్కా తొడుక్కుంటున్నాడు.

“ఇంకెన్నాల్లండీ ఇలాగ?”

“ఏటి?”

“మీకు తెలీదేటి? అది నోటికొచ్చినట్టు శాపనార్థాలెడతంటే మీరు తలూపుతన్నారు. ఇయ్యాల స్టేషన్ హెడ్డుగారొచ్చి దాని మాట రాసుకుంటారంట. అదేటి రాయిత్తాదో తెల్దు. మిమ్మల్ని తీసుకుపోతే నేనేటి సెయ్యాల?”

“తుడవొద్దన్నది నేనే గదా. అబద్దమేటి సెప్పేను?”

“సగమే సెప్పేరు.”

నానాజీ గుండీలు పెట్టుకోవడం ఆపాడు. వయసు ఒక్క వారంలో మీద పడిపోయినట్టున్నాడు.

“సత్యా, దానికి నా మీద కోపముంది. ఆ కోపంతో లేత్తంది, అరుత్తంది, ఏడుత్తంది. ఆ కోపమే దాన్ని నిలబెడతంది. అది తీసీసి సేతిలో ఈ నిజమెడితే అది బతుకుతాదా? నీకు తెల్దేటి దాని సంగతి? సిన్నప్పుడు దాని సేతిలో కోడిపిల్ల సచ్చిపోతే నాల్రోజులు మంచం దిగలేదు.”

“మరి నేను? నేను మీకు ఏటీ కానేటి?”

అతను చెప్పులు తొడుక్కున్నాడు. ఆమె వీధి గుమ్మం దాకా వెనకే వెళ్ళింది.

“ఒట్టేసేవు,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే. “గుర్తెట్టుకో.”

హెడ్ కానిస్టేబుల్ సత్తియ్య ఎండ ఎక్కకముందే వచ్చాడు. పెద్దమనిషి. చావు జరిగిన ఇల్లని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, మంచినీళ్ళు ఇస్తే వద్దన్నాడు. వసారాలో కుర్చీ వేశారు. రాజశ్రీ ఎదురుగా చాప మీద కూర్చుంది. దేముడమ్మ పాపని ఒళ్ళో వేసుకుని స్తంభానికి చేరబడింది. సత్యలక్ష్మి తలుపు పక్కన నిలబడింది.

“కంగారేటీ లేదమ్మా. ఆరోజు ఏటయ్యిందో, నీకు తెలిసింది సెప్పు.”

“సెప్తాను బాబూ.” రాజశ్రీ గొంతు స్థిరంగా ఉంది. “ముందురోజే మా ఆయనన్నారు. ఆ ప్లాట్‌ఫారం ఊగుతోంది బావా, నేనెక్కను అన్నారు. మా అన్నయ్య ఇన్నాడు. ఇని కూడా ఎక్కమన్నాడు.”

సత్తియ్య కలం ఆగింది. “ఊగుతోందని తెలిసే ఎక్కించేడంటావా?”

“తెలిసే ఎక్కించేడు.”

ఆ ముందురోజు సత్యలక్ష్మికి బాగా గుర్తు. ముందురోజు రాత్రి అందరూ ఈ వసారాలోనే అన్నాలు తిన్నారు. ధనరాజ్ వంకాయ కూర మారు వడ్డించుకున్నాడు. “అప్పా, నీ సేతి కూర తిన్నాక ఇంక ఏ హోటలూ ఆనదు” అని అక్క వరసైన సత్యలక్ష్మిని నవ్వించాడు. ప్లాట్‌ఫారం మాట ఒక్కటి కూడా రాలేదు. రాజశ్రీ అబద్ధం చెబుతోంది.

“బాగా ఆలోచించి సెప్పమ్మా,” అన్నాడు సత్తియ్య నెమ్మదిగా. “ఇలా రాసేనంటే కేసు వేరేగా పోద్ది. పొరపాటు ఒకటి, తెలిసి సెయ్యడం ఒకటి. రేపు నేను కాదన్నానంటే కుదర్దు.”

“రాయండి బాబూ. నా బతుకెలాగా పోయింది. మా అన్నయ్య బతుకూ పోవాల.”

“ఓలమ్మా, ఒలే తల్లీ!” దేముడమ్మ నెత్తి కొట్టుకుంది. “వాడు నీ అన్నే! నిన్ను భుజాన మోసేడే!”

“నా మొగుణ్ణి కూడా భుజాన మోసేడు. పాడె మీద.”

సత్తియ్య నిట్టూర్చి కలం కాగితం మీద ఆనించాడు.

“రాయకండి!”

అరిచింది తానేనని సత్యలక్ష్మికి అరిచాకే తెలిసింది. అందరూ ఆమె వైపు తిరిగారు. ఒట్టు గుర్తుంది. నూకాలమ్మ తల్లి గుర్తుంది. మొగుడి చేతులకి బేడీలు కూడా కళ్ళకి కట్టాయి. ఆ మూడింట్లో చివరిదే గెలిచింది.

“అది అబద్దం బాబూ. ఊగడం లేదు, ఏటీ లేదు. ఎవలికీ తెల్దు. పైకి బాగానే ఉన్నాది.”

“నీ మొగుణ్ణి కాసుకో వదినా, కాసుకో,” అంది రాజశ్రీ. “నీకు మొగుడున్నాడు.”

ఆ ఒక్క మాటా అనకపోయి ఉంటే ఏమయ్యేదో. ఆ తర్వాత సత్యలక్ష్మి ఎన్నిసార్లు అనుకుందో. కానీ రాజశ్రీ అనేసింది, సత్యలక్ష్మి వినేసింది.

“అవునే, కాసుకుంటాను! వారం రోజులై నీ తిట్లన్నీ ఎందుకు పడతన్నాడో తెలుసేటి నీకు? నీకోసం! ఆ బ్రాకెట్‌కి పసుపు రాసిందెవరు? నూనె పసుపు రాసి బొట్టెట్టిందెవరు? నువ్వే గదా! అదుంటే రంగు పట్టదు. తుడవాల. నీ మొగుడే తుడవలేకపోయేడు. నా పెళ్ళాం పెట్టిన బొట్టు నా సేత్తో తుడవనన్నాడు. మీ అన్నయ్య సరేలే అన్నాడు. అదీ ఆయన సేసిన తప్పు. ఆ పసుపు కిందే తుప్పట్టింది. అక్కడే ఇరిగింది!”

 వీధిలో బెల్లం దిమ్మల బండి గతుకుల మీద పోతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

దేముడమ్మ పాపని గుండెకి అదుముకుంది. సత్తియ్య తల దించుకున్నాడు.

రాజశ్రీ కదల్లేదు. వారం రోజులుగా ఆగని ఏడుపు ఆగిపోయింది. కళ్ళు పొడిగా, పెద్దవిగా అయ్యాయి. అది చూశాక సత్యలక్ష్మికి మొదటిసారి ఆమె కోసం భయం వేసింది.

“మా ఆయన సూసేరా వదినా? రంగు కొట్టినప్పుడు అదక్కడున్నాదని సూసేరా?”

“రాజీ, నేను కోపంలో ఏదో...”

“సూసేరా లేదా?”

“సూసేడు.”

“నాదని తెలిసే ఉంచేరా?”

సత్యలక్ష్మి తల ఊపింది. 

 రాజశ్రీ సత్తియ్య వైపు తిరిగి, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా ఒక్కో మాటే పలికింది.

“ముందు సెప్పింది కొట్టీయండి బాబూ. మా అన్నయ్యకి ఏటీ తెలీదు. ఎక్కమని ఎవలూ బలవంతం సెయ్యలేదు. మరేటైనా రాయాలంటే నా పేరు రాయండి.”

“అలా ఎవలూ రాయరమ్మా. ఇది నీ తప్పెలాగవుద్ది? కొత్త పెళ్ళికూతురివి, దండం పెట్టుకున్నావు.”

“సంతకం ఎక్కడెట్టాల?”

పెట్టింది. లేచి నిలబడింది. అప్పటిదాకా బెదిరి కూర్చున్న పాప, అమ్మ లేచిందని సంబరపడి అమ్మమ్మ ఒళ్ళోంచి దిగి పరిగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టుకుంది. రాజశ్రీ రెండు చేతులూ పైకెత్తేసింది, పాపకి తగలకుండా.

“నన్ను ముట్టుకోకు తల్లీ.”

“అమ్మా, ఎత్తుకో.”

“వద్దు. అమ్మ సెయ్యి మంచిది కాదు. అమ్మమ్మ దగ్గరకెల్లు.”

పాప ఏడుపు అందుకుంది. దేముడమ్మ లేచి దాన్ని విడిపించి ఎత్తుకుంది. రాజశ్రీ ఎవరికేసీ చూడకుండా వెనక గదిలోకి వెళ్ళిపోయింది. సత్యలక్ష్మి వెనకే రెండడుగులు వేసి ఆగిపోయింది. ఏ మొహం పెట్టుకుని వెళుతుంది?

సత్తియ్య మెట్లు దిగుతుంటే నానాజీ సామాన్ల సంచితో ఎదురయ్యాడు.

“నీకు గండం గడిసింది బాబూ,” అన్నాడు సత్తియ్య, మంచి మాట చెబుతున్నాననుకుని. “మీ సెల్లి ముందు ఏదో అన్నాది గాని, మీ ఇంటామె అసలు సంగతి సెప్పింది. నువ్వొకసారి స్టేషన్‌కొచ్చి ఆ పసుపు ముచ్చట రాయించీ, సరిపోద్ది.”

నానాజీ చేతిలోంచి సంచి జారింది. నువ్వుల పొట్లం మెట్ల మీద విడిపోయి గింజలు చెల్లాచెదురయ్యాయి. అతను వాటిని తొక్కుకుంటూ వసారాలోకి వచ్చాడు. పెళ్ళాం ఎదురుగా నిలబడ్డాడు.

కొడతాడనుకుంది. కొట్టినా బాగుండు అనుకుంది.

“మిమ్మల్ని తీసుకుపోతారనుకున్నానండీ. తెలిసే ఎక్కించేడని రాయిత్తంటే పానం ఉగ్గబట్టలేకపోయేను. నేనేటి సెయ్యను?”

“తీసుకుపోతే పోనీవల్సింది సత్యా.” అతని గొంతులో కోపం లేదు, అదే ఆమెని చంపేసింది. “నేను జైలుకెల్తే ఏనాటికో తిరిగొచ్చీవోణ్ణి. దాన్ని నువ్వు తోసినకాడి నుంచి ఎవుడు తెత్తాడు?”

ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

నానాజీ వెనక గది తలుపు ముందుకు వెళ్ళి నేల మీద కూలబడ్డాడు. తలుపుకి చెంప ఆనించి, పసిపిల్లని లాలించే గొంతుతో పిలిచాడు.

“రాజీ. అమ్మా రాజీ. అన్నయ్యనొచ్చేను. పొద్దున తిట్టేవు సూడు, అలాగ తిట్టమ్మా. తుడవొద్దన్నది నేనే. నేనేనమ్మా. నా సేతులు పడిపోవాలన్లేదూ? ఆ మాటే ఇంకోసారి అను.”

లోపల చప్పుడు లేదు. పాప ఏడుపు కూడా ఆపి అటే చూస్తోంది.

“ఒక్క తిట్టు తిట్టు తల్లీ.”

అతను చెవి ఒగ్గి విన్నాడు. అరచేత్తో తలుపు మెల్లగా తోశాడు. కదల్లేదు. లేచి నిలబడి గట్టిగా తోశాడు. అప్పుడతను సత్యలక్ష్మి వైపు తిరిగి చూసిన చూపుని బట్టే ఆమెకి అర్థమైపోయింది, లోపల గడియ వేసి ఉందని.